ఇంటర్వ్యూ బాగానే జరిగింది, జవాబు మాత్రం రావడం లేదు: ఈ ఎదురుచూపును ఎలా గడపాలి?

ప్రశ్న అడిగినవారు: పేజీ_అంచు

అందరికీ నమస్కారం. పిల్లల కోసం విజ్ఞానశాస్త్ర పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో సంపాదకురాలి ఉద్యోగానికి ఇటీవల ఇంటర్వ్యూకు వెళ్ళి వచ్చాను. చదువుకునే రోజుల నుంచీ నేను చేయాలనుకున్న పని ఇదే. ప్రస్తుతం కంపెనీల వార్షిక నివేదికలు, యంత్రాల వాడకాన్ని వివరించే పుస్తకాలు సరిదిద్దే ఉద్యోగంలో ఉన్నాను. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. జీతం సకాలంలో వస్తుంది, తోటివారు మంచివారు. అయితే నేను సరిదిద్దిన వాక్యాన్ని ఎవరైనా ఇష్టపడి చదువుతారన్న తృప్తి ఆ పనిలో లేదు.

మొదట రాతపరీక్ష, ఆ తర్వాత సంపాదక బృందంతో ఒక సంభాషణ, చివరగా ముగ్గురు సభ్యుల ప్యానెల్‌తో ఇంటర్వ్యూ జరిగాయి. ఈ చివరిదానిలో ఆటుపోట్ల గురించిన రాతప్రతి పేజీ ఒకటి చేతికిచ్చి, పదేళ్ళ పిల్లలకు అర్థమయ్యేలా అక్కడికక్కడే తిరగరాయమన్నారు. చంద్రుడికి ఎదురుగా ఉన్న సముద్రం పొంగుతుందంటే పిల్లలు సులభంగానే ఒప్పుకుంటారు గానీ, భూమికి అవతలి వైపున్న సముద్రం కూడా అదే సమయంలో ఎందుకు పొంగుతుందో చెప్పడం కష్టం. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న నీటిని భూమి కన్నా కాస్త ఎక్కువగా, దూరంగా ఉన్న నీటిని భూమి కన్నా కాస్త తక్కువగా లాగుతాడు కాబట్టి ఆ దూరపు నీరు వెనకబడిపోతుందని నేను వివరిస్తుండగా, ముగ్గురిలో ఒకరు కాగితం మీద ఏదో గీసి, పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టేశారు. ఆ తర్వాత కూడా ఇంటర్వ్యూ చాలాసేపే సాగింది, మధ్యలో అందరం నవ్వుకున్నాం కూడా. ఆయన మాత్రం మళ్ళీ పెన్ను ముట్టుకోలేదు.

రెండు వారాల్లో నిర్ణయం చెబుతామన్నారు. ఆ గడువు దాటిపోయింది. మర్యాదగా ఒక మెయిల్ రాస్తే, ప్రక్రియ ఇంకా కొనసాగుతోందని, త్వరలో తెలియజేస్తామని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అప్పటి నుంచి ముళ్ళ మీద కూర్చున్నట్టుగా ఉంది. ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది, తీరా చూస్తే ఏ ప్రకటనో అయి ఉంటుంది. వారి వెబ్‌సైట్‌లో నా దరఖాస్తు పక్కన "పరిశీలనలో ఉంది" అన్న మాట చెక్కుచెదరకుండా అలాగే ఉంది, ఉద్యోగ ప్రకటనను కూడా ఇంకా తొలగించలేదు. స్నేహితుల్లో సగం మంది "తప్పకుండా వస్తుంది" అంటున్నారు, మిగతా సగం "ఇక ఆ సంగతి మరిచిపో" అంటున్నారు. మొదటి మాటను నమ్మలేకపోతున్నాను, రెండోదాన్ని పాటించలేకపోతున్నాను.

దీనికి తోడు, ఇప్పుడు పనిచేస్తున్న చోట ఏడాదిపాటు సాగే ఒక కొత్త ప్రాజెక్టు బాధ్యత తీసుకుంటావా అని మా మేనేజర్ అడిగారు. ఏ జవాబూ చెప్పలేక కాలం వెళ్ళబుచ్చుతున్నాను. ఇలాంటి దశను దాటినవారు, లేదా ఉద్యోగాలిచ్చే వైపు ఉన్నవారు ఎవరైనా ఉంటే, ఈ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలో, ఈలోగా మనసును ఎలా కుదుటపరచుకోవాలో చెప్పగలరా?


జవాబు: బల్లకు_అవతల

పేజీ_అంచు గారూ, నేను చాలా ఏళ్ళుగా ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపున కూర్చుంటున్నవాణ్ణి. నాది ప్రచురణ రంగం కాదు గానీ, నియామకాల తంతు ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

ముందు ఆ పెన్ను సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు చాలా సంస్థల్లో ప్యానెల్ సభ్యులకు మార్కుల పత్రం ఒకటి ఇస్తారు. విషయ పరిజ్ఞానం, వివరించే తీరు, ఇతరులతో కలిసి పనిచేసే గుణం వంటివాటికి విడివిడిగా గడులు ఉంటాయి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తర్వాతి కాలంలో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానమన్, 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో ఉన్నప్పుడు, కొత్తగా చేరేవారిని ఆరు లక్షణాల మీద ఒక్కొక్కటిగా ప్రశ్నించి, ఒకదానికి మార్కు వేశాకే మరోదానికి వెళ్ళేలా ఇంటర్వ్యూలను మార్చాడు. ఎదుటి మనిషిని చూడగానే కలిగిన ఒక అభిప్రాయం మార్కులన్నింటిలోకీ పాకకుండా ఆపడం దీని ఉద్దేశం. చాలా ప్యానెళ్ళలో ఈ గడులను సభ్యులు పంచుకుంటారు కూడా. మీ వివరణ వినే బాధ్యత ఆయనది అయి ఉంటే, ఆ గడి నిండగానే ఆయన పని అయిపోయింది. అందులో వేసింది అయిదో రెండో పెన్ను మూత చెప్పదు. అయిదు వేసి ఉంటారని మిమ్మల్ని ఊరడించడం నాకు తేలికే, కానీ అప్పుడు మీ స్నేహితుల్లో నేనూ ఒకణ్ణవుతాను.

ఇక మౌనం. బయట ఉన్నవారికి అది ఒక మనిషి కావాలని బిగబట్టిన మౌనంలా తోస్తుంది. లోపల జరిగేది వేరు. ముగ్గురు సభ్యుల పత్రాలూ హెచ్‌ఆర్‌కు చేరాలి. వారిలో ఒకరు పంపడం మరిచిపోతారు. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలి; ముగ్గురికీ ఖాళీ ఉన్న గంట దొరకదు. పేరు ఖరారయ్యాక కూడా జీతం ఎంతో ఆర్థిక విభాగం ఒప్పుకోవాలి, సంతకం పెట్టవలసిన అధికారి సెలవులో ఉంటారు. కొన్నిసార్లు లోపలి ఉద్యోగి ఒకరు ఆలస్యంగా దరఖాస్తు పెడతారు, ఆయనను కూడా పిలవక తప్పదు. మరికొన్నిసార్లు అసలు ఆ పోస్టు ఉండాలా వద్దా అన్న చర్చ మళ్ళీ మొదటికి వస్తుంది. ఇందులో ఏ ఒక్కటీ అభ్యర్థికి చెప్పే సంగతి కాదు కాబట్టి, అన్నింటికీ కలిపి "ప్రక్రియ కొనసాగుతోంది" అన్న ఒకే వాక్యం వాడతాం. ఆ వాక్యం బహుశా హెచ్‌ఆర్ వారి దగ్గర ముందే రాసిపెట్టి ఉన్నది. మీ కోసం ఎవరూ పదాలు ఎంచి రాయలేదు.

అలాగని గడువు దాటడం శుభసూచకమని చెప్పి మభ్యపెట్టను. మొదటి ఎంపిక అయినవారికి ఫోన్ సాధారణంగా త్వరగానే వెళుతుంది. ఆఫర్ అందుకున్న మనిషి జీతం గురించి బేరమాడుతూనో, మరో ఆఫర్‌తో పోల్చుకుంటూనో ఉన్నప్పుడు రెండో స్థానంలో ఉన్నవారికి మేం ఔననీ కాదనీ చెప్పం. ఇది అంత గొప్ప పద్ధతేమీ కాదు, అభ్యర్థి వైపు నుంచి చూస్తే అన్యాయమే. కానీ మొదటివారు రానంటే రెండోవారిని పోగొట్టుకోకూడదన్న భయం ప్రతి నియామకంలోనూ ఉంటుంది, అలా రెండో స్థానం నుంచి చేరినవారితో కలిసి నేను పనిచేశాను కూడా. తాము రెండో ఎంపిక అన్న సంగతి వారికి నేటికీ తెలియదు, వారి పనిలోనూ అది ఎక్కడా కనిపించదు.

వెబ్‌సైట్‌లోని "పరిశీలనలో ఉంది" గురించి ఒక్క మాట. ఎవరైనా లోపల కూర్చుని మార్చితే తప్ప ఆ మాట మారదు. చాలాచోట్ల నియామకం పూర్తయిన తర్వాత, ఒక్కోసారి కొత్త మనిషి పనిలో చేరిన తర్వాత, మిగిలిన దరఖాస్తులన్నింటినీ ఒకేసారి మూసేస్తారు. ఉద్యోగ ప్రకటన కూడా అంతే. ముందుగా పెట్టిన కాలపరిమితి ముగిసేదాకా దానంతటది కనబడుతూనే ఉంటుంది. రోజుకు పదిసార్లు చూసినా ఆ పేజీ మీకు కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు.


జవాబు: మనోవిజ్ఞాన_పాఠం

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. బల్లకు_అవతల గారు సంస్థ లోపలి సంగతి చెప్పారు కాబట్టి, మీ లోపల జరుగుతున్నదాని గురించి నేను కొంత చెబుతాను.

కాదన్న జవాబు వచ్చినా ఇంత బాధ ఉండదేమో అని మీకు అనిపించి ఉంటే, అది మీ బలహీనత కాదు. 2016లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగాన్ని వివరించారు. 45 మంది కంప్యూటర్ తెర మీద కనిపించే రాళ్ళలో దేని కింద పాము ఉందో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించేంత విద్యుత్ షాక్ తగులుతుంది. చెమటను, కంటిపాప వెడల్పును కొలిచి చూస్తే, షాక్ తప్పదని తెలిసినప్పటి కన్నా, తగిలే అవకాశం సరిగ్గా సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది. చెడు ఖాయమైతే శరీరం దానికి సిద్ధపడుతుంది. ఎటూ తేలనప్పుడు రెండింటికీ ఒకేసారి సిద్ధపడవలసి వస్తుంది, అలసట అక్కడి నుంచి పుడుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ సగానికి సగం దగ్గర నిలబడి ఉన్నారు.

"మరిచిపో" అన్న సలహా ఎందుకు పనిచేయదో కూడా పరీక్షించి చూసినవారున్నారు. 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు కొందరిని అయిదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరారు, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట మోగించమన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా ఆ తర్వాత ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారి కన్నా వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ఒక ఆలోచన రాకూడదని కాపలా కాయాలంటే, అది వచ్చిందేమోనని మాటిమాటికీ తొంగిచూడక తప్పదు.

మరి ఏది పనిచేస్తుంది? బెర్లిన్‌లో చదువుకున్న బ్లూమా జైగార్నిక్, పూర్తయిన పనుల కన్నా మధ్యలో ఆగిన పనులే జనానికి ఎక్కువగా గుర్తుంటాయని 1927లో రాసింది. జ్ఞాపకం విషయంలో తర్వాతి ప్రయోగాలన్నీ ఆమెను సమర్థించలేదు. కానీ ముగియని లక్ష్యం మనసులోకి చొరబడి చేతిలో ఉన్న పనిని చెడగొడుతుందని 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. వారి ఫలితాల్లో మీకు పనికొచ్చే భాగం ఏమిటంటే, ఆ చొరబాటు ఆగడానికి లక్ష్యం పూర్తికానక్కరలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో స్పష్టంగా ఒక పథకం రాసుకున్నా చాలు. అంటే "ఏమవుతుందో" అన్న ప్రశ్న మనసును వదలదు గానీ, "ఫలానా తేదీ ఉదయం వరకు జవాబు రాకపోతే రెండో మెయిల్ రాస్తాను, కాదంటే ఆ సాయంత్రం ఫలానా రెండు సంస్థలకు నా వివరాలు పంపుతాను" అని కాగితం మీద పెట్టినదాన్ని మనసు పదేపదే అడగదు. పథకం తేదీతో, క్రియతో ఉండాలి. "ధైర్యంగా ఉంటాను" అన్నది పథకం కిందికి రాదు.

ఎదురుచూపునే తన పరిశోధనాంశంగా తీసుకున్న కేట్ స్వీనీ అనే ఆచార్యురాలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణంలో ఉన్నారు. ఆ రాష్ట్రంలో న్యాయవాద వృత్తికి పరీక్ష రాసినవారు ఫలితాల కోసం సుమారు నాలుగు నెలలు వేచి ఉండవలసి వచ్చేది. వారిని ఆ కాలమంతా గమనించి, ఆమె బృందం 2016లో ఒక పత్రం ప్రచురించింది. దిగులును తగ్గించుకోవడానికి వారు ప్రయత్నించిన ఉపాయాలు పెద్దగా ఫలించలేదు. అయితే నిశ్చింతగా గడిపినవారి కన్నా దిగులుపడుతూ, చెడు ఫలితాన్ని ఊహించుకుంటూ గడిపినవారే చెడు వార్తను మెరుగ్గా తట్టుకున్నారు, మంచి వార్తకు ఎక్కువగా సంతోషించారు. కాబట్టి మీ దిగులు వృథా అని అనుకోకండి. "ఇంత దిగులు పడుతున్నానేమిటి" అని దాని మీద మరో దిగులు పెంచుకోకపోతే చాలు.

ఆ బృందమే 2019లో మరో సంగతి చెప్పింది. ఎదురుచూసే కాలంలో ఒళ్ళు మరిచి లీనమయ్యే పని ఏదైనా చేసినవారికి ఆ కాలం కాస్త సులభంగా గడిచింది. ఊరికే తెర ముందు కూర్చోవడం ఆ కోవలోకి రాదు. పని మీ నైపుణ్యానికి కొంచెం మించి ఉండాలి, ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. అల్లిక, చదరంగం, కొత్త భాష, వాద్యం, ఏదైనా సరే. మీకైతే చేతిలో పెన్సిల్ ఉంటే చాలనుకుంటాను.

చివరగా, ఇంటర్వ్యూలో మీరు కలిగించిన అభిప్రాయం గురించి మీ సొంత అంచనాను మరీ నమ్మకండి. మొదటిసారి కలిసి మాట్లాడుకున్న ఇద్దరిలో ప్రతి ఒక్కరూ, తాము ఎదుటివారికి నిజంగా నచ్చినదాని కన్నా తక్కువే నచ్చామని అనుకుంటారని 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహపరిశోధకులు కనుగొన్నారు. నచ్చినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని నేననడం లేదు, బల్లకు_అవతల గారు ఊరుకోరు.


జవాబు: పాత_కాపు

పరిశోధనల మీద నాకు గౌరవం ఉంది గానీ, పై జవాబుల్లో ఒకటి తప్పిపోయింది. మీరు ఎదురుచూస్తున్నది ఒక ఉద్యోగం కోసమా, ఒక పని కోసమా? పిల్లలకు అర్థమయ్యేలా విజ్ఞానం రాయడం పని. ఫలానా సంస్థలో, ఫలానా హోదాలో కూర్చోవడం ఉద్యోగం. ఇంటర్వ్యూ బాగా జరిగినప్పుడు ఈ రెండూ కలిసిపోయి, ఆ తలుపు మూసుకుంటే పని కూడా పోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా, ఇంకా అందని ఆ కుర్చీలో కూర్చుని మొదటి పుస్తకానికి ముఖచిత్రం కూడా ఎంచేసుకుంటాం. పోయేటప్పుడు ఆ ఊహలన్నీ కట్టగట్టుకుని పోతాయి కాబట్టి దెబ్బ పెద్దదవుతుంది.

అందువల్ల మనోవిజ్ఞాన_పాఠం గారి పథకానికి నాదో సవరణ. కాదంటే ఏం చేయాలో రాసుకోండి, జవాబే రాకపోతే ఏం చేయాలో రాసుకోండి, ఔనంటే ఏం చేయాలో మాత్రం రాయకండి. ఔనన్నాక ఆలోచించడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

వారిచ్చిన ఆటుపోట్ల పేజీ వారిది, దాన్ని వాడకండి. గ్రహణం, మెరుపు, మంచు, మీకు నచ్చినది తీసుకుని మీ సొంతంగా ఒక పేజీ రాయండి, ఆ వయసు పిల్లలెవరైనా అందుబాటులో ఉంటే చదివించి ఎక్కడ ఆగుతున్నారో చూడండి. ఇలాంటి పేజీలు నాలుగైదు ఉంటే తర్వాతి దరఖాస్తుకు జతచేయవచ్చు. ఆ తర్వాతి దరఖాస్తు కూడా ఈ వారమే పంపండి. కలల ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ మిగతావాటిని ఆపేసినవారు ఒకే తాడు పట్టుకుని వేలాడుతుంటారు.


మళ్ళీ: పేజీ_అంచు

అందరికీ కృతజ్ఞతలు. పెన్ను సంగతి చదివాక చాలాసేపు నవ్వుకున్నాను. నా అదృష్టాన్నంతా ఒక మూత మీద మోపానని అప్పుడు గాని తెలియలేదు. పాత_కాపు గారూ, ముఖచిత్రం దాకా వెళ్ళలేదు గానీ, పుస్తకాల వరుసకు పేరు పెట్టేసిన మాట నిజం.

ప్రాజెక్టు విషయం మాత్రం ఇంకా తేలలేదు. మేనేజర్ ఈ వారాంతంలోగా చెప్పమంటున్నారు. ఒప్పుకుని నెల తిరక్కుండానే వెళ్ళిపోవలసి వస్తే నమ్మకద్రోహం చేసినట్టవుతుందేమోనని భయం. ఒప్పుకోకపోతే, అక్కడా రాక ఇక్కడా లేక రెంటికీ చెడిపోతానేమోనన్న భయం. ఆయనకు ఉన్న సంగతి చెప్పేయడం న్యాయమా? రెండో మెయిల్ రాస్తే తొందరపెడుతున్నానని ప్రచురణ సంస్థ వారు అనుకోరా?


జవాబు: నోటీసు_పీరియడ్

ప్రాజెక్టు ఒప్పుకోండి. చేతిలో లేని ఉద్యోగాన్ని ఆధారం చేసుకుని చేతిలో ఉన్న ఉద్యోగంలో నిర్ణయం తీసుకోకూడదన్నది నా పద్ధతి. రేపు ఆఫర్ వస్తుందని మీకెంత తెలుసో, ఈ ప్రాజెక్టు ఏడాదిపాటు నడుస్తుందని మీ మేనేజర్‌కూ అంతే తెలుసు. ఖాతాదారు మనసు మార్చుకుంటే అది వచ్చే నెలలోనే ఆగిపోవచ్చు. సంస్థలో ఎవరు ఎప్పుడు వెళ్ళినా పని ఆగకూడదనే నోటీస్ పీరియడ్ పెట్టారు. దానిని పూర్తిగా పాటించి, పనిని సక్రమంగా అప్పగించి వెళ్ళినవారిని నమ్మకద్రోహి అని ఎవరూ అనరు.

ఆయనకు ఇప్పుడే చెప్పడం గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. నిజాయితీ పేరుతో ఇలా ముందే చెప్పేసినవారికి ఆ ఉద్యోగం రాలేదు; కానీ తర్వాత జరిగిన ప్రతి చర్చలోనూ "మీరు ఎలాగూ వెళ్ళిపోయేవారే కదా" అన్న మాట వినిపించడం నేను చూశాను. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు. మీ మనసుకు ఇబ్బందిగా ఉంటే, ప్రాజెక్టులో మొదటి రోజు నుంచీ ప్రతి నిర్ణయాన్నీ రాసిపెట్టండి, మరొకరు అందుకోగలిగేలా ఫైళ్ళు సర్దండి. మీరు ఉన్నా వెళ్ళినా ఆ శ్రమ పనికొస్తుంది.


జవాబు: బల్లకు_అవతల

నోటీసు_పీరియడ్ గారితో ఏకీభవిస్తున్నాను. మెయిల్ విషయానికి వస్తే, తొందరపెడుతున్నారని అనుకునేది మెయిల్ రాసినందుకు కాదు, అది రాసిన తీరును బట్టి. గడువు దాటాక ఒక మెయిల్, దానికి ఏ తేదీ లేని జవాబు వస్తే వారం పది రోజులు ఆగి మరో మెయిల్, ఇంతవరకు ఎవరూ తప్పుపట్టరు. "ఇంకా నిర్ణయం కాలేదా" అని అడిగితే హెచ్‌ఆర్ వారికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే చెప్పగలిగింది వారి దగ్గర ఉండదు. తేదీ అడిగితే సులభం. ఇలా రాసి చూడండి:

"నమస్కారం. సంపాదకురాలి ఉద్యోగానికి జరిగిన చివరి ఇంటర్వ్యూ తర్వాత కూడా ఆ పని మీద నా ఆసక్తి అలాగే ఉంది. నిర్ణయం ఎప్పటిలోగా వెలువడవచ్చో దయచేసి ఒక అంచనా తెలియజేయగలరు. ఈలోగా నా నుంచి మరేవైనా వివరాలు, రచనా నమూనాలు కావలసి ఉంటే దయచేసి తెలపండి, వెంటనే పంపుతాను."

అంతే. ఇంటర్వ్యూలో చెప్పినదానికి సవరణలు, మరో సంస్థ నుంచి ఆఫర్ ఉందన్న ఉత్తుత్తి బెదిరింపులు, ప్యానెల్ సభ్యులకు విడివిడిగా సందేశాలు, ఇవేవీ వద్దు. నిజంగా మరో ఆఫర్ వచ్చి, దానికి గడువు ఉంటే మాత్రం ఆ తేదీని దాచకుండా చెప్పండి. ఆగిపోయిన సంతకాన్ని కదిలించడానికి మా దగ్గర దానికి మించిన కారణం ఉండదు. ఈ రెండో మెయిల్‌కూ జవాబు రాకపోతే మూడోది రాయకండి. అక్కడి నుంచి ఆ ఉద్యోగం రానట్టేనని లెక్క వేసుకుని మిగతావి చూసుకోండి. వారు ఎప్పుడో పిలిస్తే అప్పటి పరిస్థితిని బట్టి మాట్లాడవచ్చు.


మళ్ళీ: పేజీ_అంచు

ప్రాజెక్టుకు ఒప్పుకున్నాను. మేనేజర్ ఆశ్చర్యపోయారు, నేను వద్దంటానని అనుకుని మరొకరి పేరు కూడా సిద్ధం చేసుకున్నారట. మెయిల్ ఈ ఉదయం పంపించాను. బల్లకు_అవతల గారూ, మీ నమూనాలో "దయచేసి" రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసేశాను.